మోరీ నీళ్లకు గొలుసుకట్టు కుంటలు

హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో నల్లా నీళ్ల గురించి గంటలు గంటలు మాట్లాడతారు, మోరీ గురించి ఎవరూ మాట్లాడరు. మిషన్ భగీరథ లెక్క పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు. వెయ్యిమంది ఉన్న ఊళ్లో అందులో ఇంచుమించు 80 వేల లీటర్లు మోరీలోకే తిరిగొస్తాయి.

వాటిని బాగుచేయడానికి మోటారు అక్కర్లేదు, మూడు కుంటలు చాలు. మొదటిది లోతుగా, మూడు నాలుగు మీటర్లు ఉంటుంది. అడుగున గాలి ఆడదు. మడ్డి కిందికి దిగి, గోబర్ గ్యాస్ తొట్టిలోలాగే కుళ్లి, బుడగలుగా పైకొస్తుంది. వాసన ఉంటుంది, అందుకే ఇళ్లకు దూరంగా తవ్వాలి.

అసలు తమాషా రెండో కుంటలో. లోతు ఒకటిన్నర మీటరు. మిట్టమధ్యాహ్నం గ్లాసుతో ముంచి చూస్తే నీళ్లు గోంగూర ఉడికించిన రంగులో ఉంటాయి. అది కంటికి విడిగా కనపడనంత సన్నటి నాచు. ఎండ తగలగానే అది ఆక్సిజన్ వదులుతుంది. బాక్టీరియా ఆ ఆక్సిజన్‌తో మురికిని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, దాన్ని మళ్లీ నాచు లాక్కుంటుంది. ఎండ బాగా కాసిన రోజు నాచు ఎంతగా లాక్కుంటుందంటే, మధ్యాహ్నానికి నీటి పీహెచ్ 9 దాటి, నీళ్లు క్షారంగా మారిపోతాయి. పేగుల్లో బతకడానికి అలవాటుపడ్డ క్రిములు దానికీ, ఎండకీ తట్టుకోలేవు. రాత్రి వ్యాపారం తిరగబడుతుంది: నాచు కూడా ఆక్సిజన్ తీసుకునేదే అవుతుంది. మూడోది ఇంకా తక్కువ లోతు. అక్కడ మిగిలిన క్రిములు చస్తాయి. ఏలికపాముల గుడ్లు బరువుకి దారిలోనే అడుక్కి చేరతాయి.

ఒకే పెద్ద కుంట తవ్వితే పోదా? పోదు. అందులో పొద్దున వచ్చిన మురుగు కొంత సాయంత్రానికే తూము దాటేస్తుంది. లెక్క వేసి చూడండి: ఒక్క కుంటలో క్రిములు 31వ వంతుకు తగ్గుతాయనుకుందాం. అదే నీళ్లను అంతే జాగాలో మూడు సమాన కుంటలుగా విడగొడితే ఒక్కోదాంట్లో 11వ వంతుకు, మూడూ దాటేసరికి 11×11×11, అంటే 1331వ వంతుకు తగ్గుతాయి. ఒకదాని అలుగు ఇంకోదాంట్లోకి పారే గొలుసుకట్టు చెరువులు మనకు కొత్తేం కాదు. అక్కడ నీళ్లు ఆపడం కోసం, ఇక్కడ మురికిని ఆపడం కోసం.

జాగా ఎంత? 80 వేల లీటర్లు 20 రోజులు నిలవాలంటే 16 లక్షల లీటర్లు. సగటున ఒకటిన్నర మీటరు లోతున పదిన్నర గుంటలు. గట్లూ దారీ కలిపి అర ఎకరం అనుకోండి. ఊరికి అదేం ఎక్కువ కాదు, కానీ శంకర్‌పల్లి వైపు గజాల్లో ధర చెప్పే చోట అర ఎకరం మాటెత్తితే సర్పంచ్ నవ్వుతాడు. నగరానికైతే అసలు కుదరదు. హైదరాబాద్‌లో అంబర్‌పేట పాత మురుగు శుద్ధి ప్లాంటు రోజుకు 33.9 కోట్ల లీటర్ల కోసం కట్టింది. అదంతా ఇలా 20 రోజులు నిలపాలంటే 1,100 ఎకరాల పైచిలుకు, ఇంచుమించు హుస్సేన్ సాగర్ అంత కావాలి. జాగా లేనివాళ్లు దాని బదులు కరెంటు ఖర్చు పెడతారు.

అలాగని కుంటలు వాటంతటవే నడవవు. గుర్రపు డెక్క కమ్ముకుంటే నీళ్లలోకి వెలుగు దిగదు, నాచు చస్తుంది. గట్టు వెంట తుంగ పెరిగితే దోమలు. కొన్నేళ్లకోసారి మొదటి కుంటలో మడ్డి తోడాలి. ఇదంతా పూర్వం చెరువు దగ్గర నీరటి, అంటే చెరువును కనిపెట్టుకుని ఉండే మనిషి, చేసిన పనే. కుంటలకు ఎస్టిమేట్ వేసేవాళ్లు నీరటి జీతం అందులో రాయరు.