కీమో తర్వాత నోరు పూస్తే అది "వేడి" కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కీమో వార్డులో నర్సుని. కీమో ఎక్కించుకుని నల్గొండ, దేవరకొండ వైపు ఊళ్లకు వెళ్లినవాళ్ల నుంచి వారం తిరిగేసరికి ఫోన్లు మొదలవుతాయి.

అపోహ: "సిస్టర్, మందు వేడి చేసింది. అందుకే నోరు పూసింది, మోషన్స్ అవుతున్నాయి."

వాస్తవం: వేడి కాదు, లోపలి పొర దెబ్బతింది. నోటి నుంచి పేగు చివరిదాకా ఉండే ఆ పలచని పొరలో కణాలు చాలా వేగంగా పుడుతుంటాయి. చిన్నపేగు పొరైతే మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తదవుతుంది. వేగంగా విభజన చెందే కణాలను కొట్టడమే కీమో పని కాబట్టి క్యాన్సర్‌తో పాటు ఇవీ దెబ్బతింటాయి. మందు తగలగానే కణంలో ఫ్రీ రాడికల్స్, అంటే కణాన్ని దెబ్బతీసే చురుకైన అణువులు, పెరిగిపోతాయి. వాటిని అణచడానికి కణం దగ్గరుండే గ్లూటాథయోన్ చాలదు. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. కణం పైపొరలోని కొవ్వు, లోపలి డీఎన్ఏ పాడవుతాయి, వాపు పుట్టించే సంకేతాలు మొదలవుతాయి. పుండు కంటికి కనబడేది ఆ తర్వాతే. అందుకే కీమో రోజు బాగానే ఉండి, ఐదో రోజు నుంచి పదో రోజు లోపు నోరు మండుతుంది. చాలామందికి రెండు మూడు వారాల్లో మానిపోతుంది.

అపోహ: కల్లు చలువ, కొంచెం తాగితే తగ్గుతుంది.

వాస్తవం: పుండు మీద ఆల్కహాల్ పడితే మంట పెరుగుతుంది. పైగా కల్లులో ఈస్ట్ బతికే ఉంటుంది, తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో దాంతో ప్రమాదం. మహబూబ్‌నగర్ వైపు కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపిన కేసులు తెలియనివారుండరు. ఈ విషయంలో నేను మొహమాటపడను, వద్దనే చెప్తాను.

అపోహ: "మాత్రలే కదా, మోషన్స్ అయినా కోర్సు ఆపకూడదు."

వాస్తవం: ఎక్కువ భయపడాల్సింది ఇక్కడే. కాపెసిటబైన్ అనే కీమో మాత్ర ఒంట్లోకి వెళ్లాక 5-ఎఫ్‌యూ అవుతుంది, అంటే సెలైన్‌లో ఎక్కించే మందే. రోజూ అయ్యేదానికన్నా నాలుగుసార్లు ఎక్కువ అవుతున్నా, నోటి పుండ్లతో తినలేకపోతున్నా తర్వాతి డోసు వేసుకోకుండా ముందు ఫోన్ చేయండి. డాక్టరు చెప్పకుండా మెడికల్ షాపులో మోషన్స్ ఆపే లోపెరమైడ్ కొని వేసుకోవద్దు, జ్వరమో రక్తమో ఉంటే అసలే వద్దు. ఓఆర్ఎస్ తాగుతూ ఉండాలి. జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు: తెగిన పొరలోంచి పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్లగలదు.

అపోహ: ఆక్సీకరణ వల్లే కదా, దాన్ని అడ్డుకునే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఎక్కువ వేసుకుంటే సరి.

వాస్తవం: కొన్ని కీమో మందులు క్యాన్సర్ కణాన్ని చంపేది కూడా కొంతవరకు ఈ ఫ్రీ రాడికల్స్‌తోనే. పెద్ద మోతాదు విటమిన్లు ఆ కణానికే అండగా నిలవొచ్చు. అన్నంలో తినే కూరలు, పండ్లు వేరు సంగతి. ఎవరో వాట్సాప్‌లో పంపిన డబ్బా మాత్రం డాక్టరుకు చూపించకుండా తెరవొద్దు.

అపోహ: ఐస్ తగిలితే జలుబు చేస్తుంది.

వాస్తవం: 5-ఎఫ్‌యూని ఒకేసారి ఎక్కించేటప్పుడు అరగంట పాటు నోట్లో ఐస్ ముక్కలు ఉంచుకోమంటాం. రక్తనాళాలు ముడుచుకుని నోటికి మందు తక్కువ చేరుతుంది. ఆక్సాలిప్లాటిన్ అనే మరో కీమో మందు కూడా ఉంటే వద్దు, దానితో చల్లదనం పడదు.

అపోహ: నోరు పూయలేదంటే మందు పనిచేయలేదు.

వాస్తవం: సంబంధం లేదు. పూయకపోతే సంతోషించి, కారం తగ్గించి, మెత్తగా గటకో జావో తాగండి. మోషన్స్ అవుతున్నన్నాళ్లు పాలు పడకపోవచ్చు. పేగు పొరతో పాటు పాలను అరిగించే లాక్టేజ్ కూడా తగ్గిపోతుంది, పొర మానాక మెల్లగా మళ్లీ మొదలుపెట్టొచ్చు.