గడి, గుడి, ముడి, మడి, బడి

“మా అబ్బాయి వట్టి వాగుడుకాయ. నత్తి లేదు, తడబాటు లేదు. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు. స్పీచ్ థెరపిస్టుకు చూపించమంటున్నారు. చదువు రాకపోతే మాటల వైద్యం ఎందుకండీ?” అని ఒక పాఠకురాలు అడిగారు.

అడగవలసిన ప్రశ్నే. అమెరికాలోని స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టుల (అంటే స్పీచ్ థెరపిస్టుల) సంఘం 2001లోనే చదవడం, రాయడం కూడా తమ బాధ్యతల్లో భాగమేనని ప్రకటించింది. ప్రకటనల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. వాళ్లు అలా అనడానికి కారణమైన చోటు మీద ఉంది. ఆ చోటు మన నోరే.

ఒక చిన్న పని చేయండి. ‘కీ’ అనబోయి, శబ్దం బయటికి రాకముందే ఆగండి. ఇప్పుడు ‘కూ’ అనబోయి ఆగండి. మొదటిసారి పెదవులు పక్కలకు సాగాయి, రెండోసారి సున్నా చుట్టాయి. ‘క్’ ఇంకా పుట్టనే లేదు, దాని తర్వాత రావలసిన అచ్చు అప్పుడే వచ్చి కూర్చుంది! నాలుక సంగతీ అంతే. ‘కీ’ కోసం అది అంగిలిని కాస్త ముందుగా తాకుతుంది, ‘కూ’ కోసం వెనకగా. అంటే ఈ రెండింటిలోని ‘క్’ ఒకటి కాదు. ఒకటేనని మనం నమ్ముతున్నాం, అంతే.

చార్లెస్ హాకెట్ అనే భాషాశాస్త్రవేత్త 1955లో దీనికి చక్కటి పోలిక చెప్పాడు. రంగులు వేసిన పచ్చి గుడ్లు వరుసగా కదిలే పట్టీ మీద వస్తున్నాయి. అవే మన ధ్వనులు. చివర రెండు రోలర్లు వాటిని నలిపేస్తాయి. ఆ రోలర్లే నోరు. అవతల నిలబడ్డ పరిశీలకుడు ఆ సొన, పెంకులు, కలిసిపోయిన రంగులు చూసి ఏ గుడ్డు తర్వాత ఏ గుడ్డు వచ్చిందో చెప్పాలి. వినేవాడి పని అదే. ఈ పోలికలో నాకు బాగా నచ్చేది, హాకెట్ చెప్పకుండా వదిలిన భాగం: పరిశీలకుడికి తాను గుడ్లను విడదీస్తున్నానన్న స్పృహే ఉండదు. నాలుగేళ్ల పిల్ల మాట విని అర్థం చేసుకుంటుంది, కానీ అందులో ఎన్ని ముక్కలున్నాయంటే చెప్పలేదు. చదువు నేర్చుకోవడమంటే ఆ పరిశీలకుణ్ణి నిద్రలేపి, “ఇంతసేపూ నువ్వు చేసిన పనేమిటో లెక్క చెప్పు” అని అడగడమే.

గుడ్లు నిజంగానే నలిగిపోతాయని అమెరికాలోని హాస్కిన్స్ ప్రయోగశాల చూపించింది. 1940లలో అక్కడ అంధుల కోసం చదివిపెట్టే యంత్రం తయారుచేయాలనుకున్నారు. ఒక్కో అక్షరానికి ఒక్కో కూత పెట్టారు. వినేవాళ్లు ఎంత సాధన చేసినా మాట వేగాన్ని అందుకోలేకపోయారు. మామూలు మాటలో సెకనుకు పది పదిహేను ధ్వనులు దొర్లిపోతాయి. విడివిడి కూతలు అంత వేగంగా వస్తే వినిపించేది రొద. మరి మాట ఎలా అర్థమవుతోంది? ఆల్విన్ లిబర్‌మన్ బృందం తేల్చిన జవాబు ఇది: నోరు ధ్వనులను ఒకదాని మీద ఒకటి పేర్చి పంపుతుంది, ఒకే శబ్దపు తునకలో రెండు మూడు ధ్వనుల కబురు ఉంటుంది. ఇంగ్లీషు ‘డీ’లో రెండో ఫార్మెంట్ అనే అనునాదపు పట్టీ (నోటి ఆకారాన్ని బట్టి గట్టిగా మోగే స్వరస్థాయి) సుమారు 2200 హెర్ట్జ్ నుంచి 2600కు ఎగబాకుతుంది. ‘డూ’లో అదే 1200 నుంచి 700కు జారుతుంది. రెండింటిలోనూ మనకు వినిపించే హల్లు ఒకటే ‘డ్’. ఆ ఒక్క ముక్కనే వేరుచేసి వినిపిస్తే అది ‘డ్’ కానే కాదు, ఒక చోట పైకి లేచే ఈల, మరో చోట కిందికి దిగే ఈల. శబ్దాన్ని ఎక్కడ కత్తిరించినా శుద్ధమైన ‘డ్’ దొరకదు.

ఆల్విన్ భార్య ఇసబెల్ లిబర్‌మన్ దీని నుంచి అసలు ప్రశ్న పట్టుకున్నారు. శబ్దంలోనే విడిగా లేని ముక్కను పిల్లలు ఎలా పట్టుకోవాలి? 1974లో ఆమె బృందం పిల్లల చేతికి చిన్న కర్రముక్క ఇచ్చి, మాటలో ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు బల్ల మీద తట్టమంది. నాలుగేళ్లవాళ్లలో దాదాపు సగం మంది అక్షరాల (ఒక్క ఊపులో పలికే ముక్కల) లెక్క సరిగ్గా తట్టారు. విడి ధ్వనుల లెక్క ఒక్కరికీ రాలేదు. ఒకటో తరగతి చివరికి అక్షరాల లెక్క 90 శాతానికి, ధ్వనుల లెక్క 70 శాతానికి వచ్చింది. ఇది వయసుతో దానంతటదే వచ్చేది కాదని 1979లో పోర్చుగల్‌లో జొజె మొరాయిస్ బృందం చూపింది. చదువురాని పెద్దవాళ్లు మాటలోంచి ఒక ధ్వని తీసేయమంటే తడబడ్డారు. పెద్దయ్యాక చదువు నేర్చినవాళ్లు చాలా మెరుగ్గా చేశారు.

“ఇది ఇంగ్లీషువాళ్ల గొడవ, మనది అక్షరాల లిపి కదా” అనే మాట తరచుగా వింటుంటాను. సగం నిజమే. ‘కమల’ రాయడానికి ధ్వనులను విడగొట్టనక్కర్లేదు. మరి ‘స్త్రీ’? నోటిలో వరుస స్, త్, ర్, ఈ. కాగితం మీద ‘ఈ’ గుర్తు అన్నిటికంటే ముందున్న ‘స’ నెత్తినెక్కింది, ‘త’, ‘ర’ ఒత్తులయ్యాయి. చివర పలికేది మొదట కనిపిస్తోంది. ‘గి’లో గుడి రాగానే తలకట్టు మాయమవుతుంది, ‘గు’లో తలకట్టు అలాగే ఉండి పక్కన కొమ్ము చేరుతుంది. వీటి వెనక ఉన్న హల్లు, అచ్చు విడివిడిగా తెలియని పిల్లవాడికి గుణింతం వందల బొమ్మల పట్టిక. “క కా కి కీ” అని తరగతంతా రాగం తీస్తే రాగం వస్తుంది, లెక్క రాదు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగో తరగతిలో కూడా కొందరికి అక్షరాలన్నీ పట్టుబడలేదు, ధ్వనుల స్పృహ నెమ్మదిగానే పెరిగింది.

థెరపిస్టు గదిలో జరిగేది ఇక్కడ మొదలవుతుంది. బల్ల మీద కొన్ని బిళ్లలు, ఒక్కో ధ్వనికి ఒకటి. సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. ‘గడి’: గ్, అ, డ్, ఇ, నాలుగు బిళ్లలు. “రెండో బిళ్ల మార్చి ‘ఉ’ పెట్టు.” గుడి. “మొదటిది తీసి ‘మ్’ పెట్టు.” ముడి. “మళ్లీ ‘అ’ పెట్టు.” మడి. “ఇప్పుడు ‘మ్’ బదులు ‘బ్’.” ఇక్కడ పిల్లవాడు ఆగిపోతాడనుకుందాం. టీచరైతే ‘బ’ అక్షరం చూపిస్తారు. థెరపిస్టు ముక్కు పట్టుకోమంటారు. ముక్కు మూసుకుని ‘మ్మ్’ అని సాగదీయబోతే అది ఆగిపోతుంది, వదిలితే మోగుతుంది. ‘మ’కూ ‘బ’కూ పెదవులు కలిసేది ఒకేలా, తేడా అంతా ముక్కు తలుపు దగ్గరే. అలాగే ‘క’కు ‘గ’కు తేడా గొంతు మీద వేళ్లు పెడితే తెలుస్తుంది. చెవికి నలిగిపోయి వచ్చిన గుడ్డును, రోలర్ల దగ్గరే చేత్తో తడిమి చూపించడం ఇది. నోరు ఎలా నలుపుతుందో వృత్తిగా చదువుకున్న మనిషే ఇది చేయగలరు. ఇదే ఆట అక్షరాలతో కలిపి ఆడిస్తే ఫలితం ఎక్కువని అమెరికా జాతీయ పఠన సమితి 2000లో ఇచ్చిన నివేదిక చెప్పింది. ఉత్త నోటి ఆటలతో నెలలు గడిపేవాళ్లను అనుమానించండి.

డిక్టేషన్ పుస్తకం కూడా థెరపిస్టు చేతిలో వేరే మాట చెబుతుంది. ‘భాష’ను ‘బాష’ అని రాస్తే పెద్ద దిగులు లేదు, మాటల్లో ఆ ఒత్తును చాలామంది పలకరు, చూసి గుర్తుపెట్టుకోవలసిందే. ‘గది’ని ‘కది’ అని రాస్తుంటే వినికిడి పరీక్ష, ధ్వనుల తేడా పరీక్ష కావాలి. ‘గడ్డి’ని ‘గడి’ అంటే నిడివి చెవికి అందడం లేదేమో. ‘స్త్రీ’ని ‘సిత్రి’ అని రాస్తే ముందు పలికించి చూడాలి, బహుశా నోటిలోనూ అలాగే ఉంది. అన్నిటికీ ఒకే ఎర్ర సున్నా చుట్టే అలవాటు పోతే ఎంత బాగుండును!

చదువు రాకపోతే లోపం కంటిలో ఉందన్న అపోహ మాత్రం చావడం లేదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు పెర్సీ అనే 14 ఏళ్ల తెలివైన కుర్రవాడి గురించి రాశాడు, వాడు తన పేరునే ‘ప్రెసీ’ అని రాసేవాడు. దాన్ని పుట్టుకతో వచ్చిన ‘పద అంధత్వం’ అన్నాడు. అప్పటి నుంచి లోపాన్ని కంటిలో వెతకడం, రంగు కళ్లద్దాలు అమ్మడం. అమెరికా పిల్లల వైద్యులూ కంటి వైద్యులూ 2009లో కలిసి ఆ కళ్లద్దాలకు, కంటి వ్యాయామాలకు ఆధారం లేదని చెప్పారు. అయినా బేరం సాగుతూనే ఉంది.

గడగడా చదివి ఏమీ అర్థం కాని పిల్లలు మరో రకం. చదువు అంటే అక్షరాలను మాటగా మార్చడం, మాటను అర్థం చేసుకోవడం, ఈ రెండిటి గుణకారం అని 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు అన్నారు. కూడిక కాదు, గుణకారం: ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. “రవి చూసిన అమ్మాయి”, “రవిని చూసిన అమ్మాయి”: ఎవరు ఎవరిని చూశారు? ఒక్క ‘ని’ చూపును తిప్పేసింది. భాషా వికాస లోపం (భాష నేర్చుకోవడమే కష్టం కావడం) ఉన్న పిల్లలకు ఇలాంటివి వింటున్నప్పుడే జారిపోతాయి, ఇక చదివితే చెప్పాలా? ఈ లోపం సుమారు 7 శాతం పిల్లల్లో ఉంటుంది, బయటికి మాత్రం “శ్రద్ధ లేదు” అనే పేరుతో కనబడుతుంది. బిషప్, ఆడమ్స్ అనే పరిశోధకులు 1990లో చెప్పింది తల్లిదండ్రులకు పనికొస్తుంది: మాటలో వెనకబడినా ఐదున్నరేళ్లకల్లా అందుకున్న పిల్లలు తర్వాత చదువులో సాధారణంగా బాగానే ఉన్నారు, ఆ వయసుకీ అందుకోనివాళ్లు ఎనిమిదిన్నరేళ్లకు చదువులోనూ ఇబ్బంది పడ్డారు. “వాడే నేర్చుకుంటాడులే” అనడానికి గడువు అక్కడితో సరి.

పెద్దవాళ్లూ ఈ గదికి వస్తారు. పారిస్‌లో డెజెరిన్ అనే నరాల వైద్యుడు 1892లో వివరించిన రోగి పక్షవాతం తర్వాత చక్కగా మాట్లాడేవాడు, చెప్పింది రాసేవాడు, రాసిన దాన్నే చదవలేకపోయేవాడు. మెదడు ఎడమ వెనక భాగం, రెండు అర్ధగోళాలను కలిపే వంతెన చివర దెబ్బతినడంతో చూపుకూ భాషకూ దారి తెగింది. అక్షరం గీతల వెంట చేయి తిప్పితే మాత్రం గుర్తుపట్టేవాడు. అలాంటివాళ్లకు ఇప్పుడు అరచేతిలో వేలితో అక్షరం గీసుకుంటూ చదవడం నేర్పుతారు. నత్తనడకే. ఒకే పేరాను మళ్లీ మళ్లీ గట్టిగా చదివించి ఆ వేగం కొంత పెంచుతారు.