సిక్ లీవు: మేనేజరు ‘కుదరదు’ అంటే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే విశాఖలోని మా ఆఫీసుకి ఒకే రకం కేసులు వరసపెట్టి వస్తాయి. జ్వరమొచ్చింది, మేనేజరు లీవు కుదరదన్నాడు, మనిషి ఇంట్లో పడుకున్నాడు, వారం తర్వాత వెళ్తే గేటు దగ్గర ఆపేశారు. ఒకరు పరవాడ ఫార్మా సిటీ, ఒకరు దువ్వాడ సెజ్, ఇంకొకరు జగదాంబ దగ్గర బట్టల షోరూమ్. గాజువాకలో కూర్చుని ఈఎస్ఐ (చందా కట్టే కార్మికులకి ప్రభుత్వ బీమా), పీఎఫ్, లేబర్ వ్యవహారాలు చూసే కన్సల్టెంటుని నేను. కంపెనీలకీ పని చేస్తాను, కార్మికులు వస్తే వాళ్లకీ చెబుతాను. అందుకే రెండు వైపులా ఏం అనుకుంటారో నాకు బాగా తెలుసు. అనుకునేదాంట్లో సగం తప్పు.

అపోహ: మేనేజరు ఒప్పుకుంటేనే సిక్ లీవు. వద్దన్నాక మూడు రోజులు పోలేదంటే ఉద్యోగం పోయినట్టే.

జనాన్ని అన్నిటికన్నా ఎక్కువ ముంచుతున్నది ఇదే. ఆ మూడు రోజుల లెక్క ఎవరు పుట్టించారో గానీ, ఎవర్నడిగినా అదే చెబుతారు.

వాస్తవం: మీకు జబ్బు చేస్తే కంపెనీ సర్టిఫికెట్ అడగొచ్చు. తన డాక్టరుకి చూపించుకోమనొచ్చు. లీవులు అయిపోయి ఉంటే ఆ రోజులకి జీతం కోయొచ్చు. ఇంతవరకు వాళ్ల చేతిలో ఉన్నదే, దానికి గొడవపడి లాభం లేదు. కానీ ‘రాలేదు కాబట్టి తీసేశాం’ అని ఫోన్లోనో గేటు దగ్గరో చెప్పేసి చేతులు దులుపుకోవడం కుదరదు. 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది సరిగ్గా దీన్నే. ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని ఆ కంపెనీ స్టాండింగ్ ఆర్డర్స్‌లోనే (ఉద్యోగ నియమావళి) రాసుంది. తాను డ్యూటీకి వచ్చినా గేటు దగ్గర ఆపేశారని, రిజిస్టర్లో సంతకం పెట్టనివ్వలేదని ఆ కార్మికుడి వాదన. రూలు రాసి ఉన్నా సరే, మనిషిని సంజాయిషీ అడక్కుండా, విచారణ జరపకుండా తీసేయడం చెల్లదని కోర్టు చెప్పి, పని లేకుండా ఉన్న కాలానికి జీతంలో సగం ఇచ్చి, మళ్లీ పనిలోకి తీసుకోమంది. 2012లో పర్మార్ కేసులో ఇంకో మాట కూడా అంది. అది ప్రభుత్వ ఉద్యోగి కేసే అనుకోండి. చెప్పకుండా రాకపోయినంత మాత్రాన కావాలని ఎగ్గొట్టినట్టు కాదు, జబ్బో ప్రమాదమో ఆస్పత్రో కారణం కావచ్చు, అది చూడాలి అంది.

చట్టం ఇంత ఉన్నా జనం ఎందుకు ఓడిపోతున్నారంటే రెండు పనుల వల్ల. ఒకటి, భయంతో ఫోన్ స్విచ్ఛాఫ్ చేసేయడం. రెండు, తిరిగి వెళ్లిన రోజు తెల్లకాగితం మీద రాజీనామా రాసిచ్చేయడం.

ప్యాకింగ్ సెక్షన్ కుర్రాడొకడు, అగనంపూడి నుంచి కంపెనీ బస్సులో పోయొచ్చేవాడు. డెంగీ. నాలుగో రోజుకి జ్వరం దిగింది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు: ‘తగ్గింది కదా, రాత్రి సి షిఫ్టుకి నీ బదులు చేసే రిలీవర్ లేడు, వచ్చి కూర్చో చాలు, పని చేయక్కర్లేదు.’ వెళ్లాడు. తెల్లారేలోపు కళ్లు తిరిగి పడిపోతే కేజీహెచ్‌లో చేర్చారు. డెంగీలో జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులే అసలు కనిపెట్టుకుని ఉండాల్సినవని ఏ డాక్టరైనా చెబుతాడు. ఆ ఇన్‌ఛార్జికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంటికొచ్చాక మళ్లీ ఫోన్లు. వీడు హడలిపోయి ఫోన్ కట్టేశాడు. మస్టర్లో (హాజరు పట్టీ) వరసగా ‘ఏ’లు, అంటే ఆబ్సెంట్లు, పడ్డాయి. ఒంట్లో బాగుపడి వెళ్తే సెక్యూరిటీ వాడు లోపలికి వదల్లేదు. హెచ్ఆర్ నుంచి ఒకాయన బయటికొచ్చి కాగితం, పెన్నూ చేతికిచ్చి, ‘రిజైన్ రాసిచ్చెయ్, సెటిల్మెంట్ త్వరగా చేయిస్తా’ అన్నాడట. సంతకం పెట్టేవాడే. పక్కనున్న వాళ్లావిడ, ‘ఇంటికెళ్లి అడిగొస్తామండి’ అని లాక్కొచ్చేసింది.

మర్నాడు మా టేబుల్ మీద ఆవిడ పెట్టిన ప్లాస్టిక్ కవర్ ఇంకా గుర్తుంది. మందుల షాపు కవరు, అందులో అన్నీ కలగలిపి: ఓపీ చీటీ, ప్లేట్‌లెట్ల రిపోర్టులు, డిశ్చార్జి కాగితం, రెండు అరటిపళ్లు. ‘ఏటి సార్, జొరమొస్తే ఉజ్జోగం తీసేత్తారా’ అంది. ప్రతి ల్యాబ్ రిపోర్టు మీదా తేదీ, టైము అచ్చయి ఉన్నాయి. ‘ఏ’ పడిన రోజుల పక్కన ఆ తేదీలు పేర్చి, జిరాక్సులు జతచేసి, డ్యూటీకి సిద్ధంగా ఉన్నాను, గేటు దగ్గర ఆపారు అని ఒక ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం. ఈమెయిల్ కూడా. కోర్టుదాకా పోలేదు, ఆ కాగితాలు చూశాక వాళ్లే పిలిచారు. రాజీనామా రాసిచ్చి ఉంటే మాత్రం నా చేతిలో ఏమీ ఉండేది కాదు. స్వయంగా మానేశానని రాసిచ్చిన మనిషిని తీసేశారని ఎలా వాదిస్తాం?

అందుకే నేను చెప్పేది చిన్న పని. జబ్బు పడిన రోజే, ఇంట్లో వాళ్ల చేతైనా సరే, మేనేజరుకీ హెచ్ఆర్‌కీ ఇద్దరికీ మెసేజ్ పెట్టించండి. ‘సార్, నిన్న రాత్రి నుంచి జ్వరం. మల్కాపురం ఈఎస్ఐ ఆస్పత్రిలో చూపించుకుంటున్నాను. ఈ రోజు 14వ తేదీ నుంచి డ్యూటీకి రాలేను. సర్టిఫికెట్ పంపిస్తాను.’ అంతే. ‘దయచేసి లీవు ఇప్పించగలరు’ అంటూ కథ రాయొద్దు, అవతలివాడు ‘కుదరదు’ అని ఒక్క ముక్క కొడితే మళ్లీ మొదటికొస్తుంది. ఫోన్లో తిట్టారా, తిట్టనివ్వండి. పెట్టేశాక, ‘ఇప్పుడు మీతో ఫోన్లో చెప్పినట్టు’ అని ఇంకో మెసేజ్ పెట్టండి. ఆ స్క్రీన్ షాట్లు దాచుకోండి. ఫోన్ ఎత్తడానికి భయమేస్తే ఎత్తకపోయినా పర్లేదు, మెసేజ్ మాత్రం మానొద్దు.

అపోహ: జబ్బు చేస్తే జీతం కంపెనీయే ఇవ్వాలి కాబట్టి మేనేజర్లు లీవు ఆపుతారు.

వాస్తవం: ఈఎస్ఐ ఉన్నవాళ్ల విషయంలో ఇది పూర్తిగా తలకిందులు. సర్టిఫికెట్ ఇచ్చి ఇంట్లో ఉన్న రోజులకి మీకు డబ్బిచ్చేది ఈఎస్ఐ కార్పొరేషన్. కంపెనీ జీతం ఇచ్చిన రోజుకి ఈఎస్ఐ డబ్బు రాదు, అది వేరే సంగతి. మరి సూపర్‌వైజరు ఎందుకు ఆపుతాడంటే షిఫ్టులో తల తక్కువైతే పైవాడు అడిగేది అతన్ని. ఇరవై మంది చేయాల్సిన పనికి పద్దెనిమిది మందిని ఇచ్చి, అందులో ఇద్దరికి జ్వరం వస్తే అతను మాత్రం ఏం చేస్తాడు? చెడ్డవాళ్లు లేరని కాదు. నేను చూసినంతలో ఎక్కువమంది టెన్షన్‌తో అలా మాట్లాడేవాళ్లే. కాబట్టి అతన్ని తిట్టుకోవడం కన్నా హెచ్ఆర్‌కి నేరుగా రాయడం మేలు. రిలీవర్‌ని చూసుకోవాల్సింది కంపెనీ, జ్వరంతో ఉన్న మీరు కాదు.

ఫార్మా వాళ్లకి ఇంకో మాట. ఔషధ నియమాల్లో షెడ్యూల్ ఎం అని ఉంది, ప్రతి క్యూఏ (నాణ్యత విభాగం) వాడికీ కంఠతా. మందు నాణ్యతకి ముప్పు తెచ్చే జబ్బు గానీ, మానని పుండు గానీ పైకి కనిపిస్తున్న మనిషిని ముడి సరుకు దగ్గరికి, ప్యాకింగ్ దగ్గరికి రానివ్వకూడదని అందులో రాసుంది. జ్వరంతో, దగ్గుతో ఉన్నవాణ్ణి లైన్ మీదకి పిలిచే ఇన్‌ఛార్జి తన కంపెనీ ఆడిట్‌కే ఎసరు పెడుతున్నాడు. ఈ ముక్క మెసేజ్‌లో మర్యాదగా రాయండి, చాలా చోట్ల పని చేస్తుంది. బీచ్ రోడ్డు హోటళ్ల కిచెన్లలో చేసేవాళ్లకి ఆహార భద్రత నియమాల్లోనూ ఇలాంటిదే ఉంది: అంటువ్యాధి ఉన్నవాళ్లు తిండి ముట్టుకోకూడదు.

అపోహ: ఈఎస్ఐ అంటే మందులకే.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పే స్లిప్పులో 15 వేల జీతానికి నెలనెలా 113 రూపాయలు కట్ అవుతుంటే చూస్తూనే ఉంటారు (మీది 0.75 శాతం, కంపెనీది 3.25 శాతం), దానికి బదులుగా రావాల్సింది మాత్రం అడగరు. జబ్బు సెలవులో రోజు కూలి సగటులో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. మొదటి రెండు రోజులకి రాదు. అంటే 15 వేల మనిషికి రోజుకి దాదాపు 350. పది రోజులు పడుకుంటే ఎనిమిది రోజులకి 2,800. టీబీ, క్యాన్సర్ లాంటి 34 పెద్ద జబ్బులకైతే 80 శాతం, రెండేళ్ల వరకు పొడిగిస్తారు, దానికి సర్వీసు నిబంధన వేరే ఉంది. మామూలు జబ్బు డబ్బుకి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా కట్టి ఉండాలి. ఏప్రిల్-సెప్టెంబరు చందా మీద జనవరి-జూన్‌లో, అక్టోబరు-మార్చి చందా మీద జులై-డిసెంబరులో వస్తుంది.

ఇక్కడే చాలామంది చేజార్చుకుంటారు. వీధి చివర ఆర్ఎంపీ రాసిన చీటీ చూపించి డబ్బు రాలేదంటారు. సర్టిఫికెట్ ఈఎస్ఐ డిస్పెన్సరీదో, ఈఎస్ఐ డాక్టరుదో కావాలి. మొదటి సర్టిఫికెట్, మధ్యలోవి, చివర ఫిట్‌నెస్, అన్నీ ఉండాలి. అత్యవసరంగా బయట ఆస్పత్రిలో చేరితే ఆ కాగితాలు ఆలస్యం చేయకుండా డిస్పెన్సరీకి పట్టుకెళ్లండి, వాళ్లు పరిశీలిస్తారు. డబ్బులిస్తే రాసిచ్చే దొంగ సర్టిఫికెట్ల జోలికి పోకండి. ఒకడు పట్టుబడితే నిజంగా జ్వరమొచ్చిన పదిమందిని ఆ మేనేజరు నమ్మడు.

మిగతావి గబగబా.

‘జీతం ఈఎస్ఐ పరిమితి 21 వేలు దాటింది, ఈఎస్ఐ పోయింది.’ ఇంక్రిమెంటు చందా కాలం మధ్యలో వస్తే ఆ కాలం అయ్యేదాకా కొనసాగుతుంది.

‘కాంట్రాక్టు లేబర్‌కి ఇవేమీ లేవు.’ ఉన్నాయి. కాంట్రాక్టరు చందా కట్టకపోతే అసలు కంపెనీ కట్టాలి.

‘కొత్త లేబర్ కోడ్లు వచ్చాయి, సిక్ లీవు తీసేశారు.’ 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు కోడ్లు అమల్లోకి వచ్చిన మాట నిజం. రాష్ట్రాల షాపుల చట్టాలు వాటిలో కలిసిపోలేదు, ఆ చట్టాల్లో ఉన్న సిక్ లీవు అలాగే ఉంది. వాట్సాప్ ఫార్వర్డులు చదివి నాకు ఫోన్ చేయకండి.

‘షోరూముల్లో, ఆఫీసుల్లో సిక్ లీవు యజమాని ఇష్టం.’ పెద్ద షోరూముల్లో, రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో చేసేవాళ్లు 1988 నాటి మన ఆంధ్రప్రదేశ్ షాపుల చట్టం 30వ సెక్షన్ ఒకసారి చదవండి: జబ్బుకి ఏడాదికి 12 రోజులు జీతంతో, క్యాజువల్‌కి ఇంకో 12. ఫ్యాక్టరీలకి మాత్రం, పాత ఫ్యాక్టరీల చట్టంలో గానీ దాని బదులొచ్చిన కోడ్‌లో గానీ సిక్ లీవు విడిగా లేదు, ఇరవై పనిదినాలకి ఒకటి చొప్పున వచ్చే ఎర్న్‌డ్ లీవే ఉంది. ఫ్యాక్టరీ మనిషికి ఈఎస్ఐ అంత ముఖ్యం అయ్యేది అందుకే.

‘సెలైన్ ఎక్కుతున్న ఫోటో పంపాలి, వీడియో కాల్ చేయాలి.’ ఏ చట్టంలోనూ లేదు. సర్టిఫికెట్ చాలు. మంచం మీదున్న మనిషి చేత వీడియో కాల్ చేయించుకునే మేనేజరుకి ఏం చెప్పాలో నాకూ తెలీదు.

‘లేబర్ ఆఫీసుకి వెళ్తే బ్లాక్ లిస్టులో పెడతారు.’ ఈ భయాన్ని నేను కొట్టిపారేయను, ఇంటి అద్దె కట్టుకోవాల్సినవాళ్లకి అది ఉంటుంది. అందుకే మొదట ఉత్తరం, తర్వాత ఇంకో ఉత్తరం, అప్పటికీ గేటు తీయకపోతేనే లేబర్ ఆఫీసు అంటాను. చాలా కేసులు రెండో ఉత్తరం దగ్గరే ఆగిపోతాయి.

ఒంట్లో బాగున్నప్పుడే ఒక పని చేసుకోండి. ఈఎస్ఐ పోర్టల్లో మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, బ్యాంకు ఖాతా మీదేనా, ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా, డిస్పెన్సరీ మీ ఇంటి దగ్గరదేనా చూసుకోండి. కంపెనీ మారినవాళ్లయితే పాత ఈఎస్ఐ నంబరే కొత్త చోట ఇవ్వండి. కొత్త నంబరు తీసిపెట్టే క్లర్కులు ఉంటారు, అప్పుడు పాత చందా రోజులన్నీ వేరే నంబరు మీద ఉండిపోతాయి.