ఆవిరితో దిగివచ్చే దాల్చిన తైలం

దాల్చినచెక్కకు ఆ ఘాటైన వాసననిచ్చే సిన్నమాల్డిహైడ్ 248 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర గానీ మరగదు. అంత వేడి పెడితే చెక్కే మాడిపోతుంది. అయినా దాన్ని 100 డిగ్రీల లోపే ఆవిరి చేసి బయటికి తీస్తారు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది ఇదే.

కిటుకంతా నీటి ఆవిరిలో ఉంది. దంచిన బెరడు గుండా ఆవిరి పంపితే చెక్కలోని తైలం కూడా కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. నూనె, నీరు కలవవు కాబట్టి దేని ఆవిరి ఒత్తిడి దానిదే. ఆ రెండూ కలిపి గాలి ఒత్తిడికి సమానమైతే చాలు, మరగడం మొదలవుతుంది. ఆ ఆవిరిని చల్లని గొట్టంలోకి పంపితే దాని చివర పల్చటి పాలలాంటి ద్రవం జారుతుంది. కదపకుండా ఉంచితే పసుపు రంగు బొట్లు మెల్లగా అడుగుకు దిగుతాయి. నూనె నీటిపై తేలడమే మనం చూసింది. ఇది మాత్రం నీటికన్నా బరువు. శ్రీలంక చెక్క కిలో నుంచి దక్కేది సుమారు 5 నుంచి 10 గ్రాములే.

ఆ కాస్త తైలంలో సింహభాగం సిన్నమాల్డిహైడ్. 1834లో ఫ్రాన్స్‌లో డ్యూమా, పెలిగో అనే రసాయన శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేశారు. అదే చెట్టు ఆకుల నుంచి తీస్తే లవంగాల్లో ఉండే యూజినాల్ ఎక్కువగా వస్తుంది. కాబట్టి కొనేవారు అది బెరడు తైలమా, ఆకు తైలమా అని తప్పక చూడాలి.

బెరడు తైలానికి బూజును అణచే గుణమూ ఉంది. బూజు కణంలోని ప్రోటీన్లను సిన్నమాల్డిహైడ్ అణువు గట్టిగా పట్టుకుంటుంది. కణపొర దెబ్బతిని లోపలి సరుకు బయటికి కారుతుంది, కణగోడ కట్టే ఎంజైముల పని కుంటుపడుతుంది. అయితే ఆ పట్టు మన చర్మంలోని ప్రోటీన్లనూ వదలదు. తామరకు మంచిదని ఎవరో చెప్పారని చిక్కటి తైలాన్ని నేరుగా పూస్తే మంట, బొబ్బలు, ఎలర్జీ తప్పకపోవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

నాకు ఆశ కలిగించేది ధాన్యపు గోదాము. అనంతపురం ప్రాంతంలో కోత వేళ వాన పడి వేరుశనగ కాయలు సరిగా ఎండకపోతే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పడుతుంది. అది విడిచే అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు దారితీసే విషం. ప్రయోగశాలల్లో దాల్చిన తైలం ఈ బూజు పెరుగుదలనూ, విషం తయారీనీ అణచింది. తైలం తాకకున్నా దాని ఆవిరి పనిచేస్తుంది. చిక్కల్లా ఆ ఆవిరి త్వరగా ఎగిరిపోవడమే. అందుకే పిండిపదార్థంతోనో, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తోనో సన్నటి గుళికలు చేసి, తైలాన్ని వాటిలో బంధించి, నెమ్మదిగా విడుదలయ్యేలా చూస్తున్నారు.