సార్వా కోతల వేళ వాన లెక్క ఎవరు చెబుతారు?

గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరి ఎక్కువగా కోతకొచ్చేది అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు దాకా. బంగాళాఖాతంలో తుపానులు లేచేదీ ఆ రోజుల్లోనే. కోసిన పనలు చేలో ఉండగా ముసురు పట్టిందంటే గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది, ధర పడిపోతుంది. అందుకే ఆ నెల రోజులూ రైతుకి ఒకటే టెన్షన్: ఇప్పుడు కోయించాలా, నాలుగు రోజులు ఆగాలా? 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కూడా ఊళ్లలో అందరి నోటా ఇదే మాట.

ఈ ప్రశ్నకు జవాబు వెతికే పనిలోకి ఇప్పుడు మెషీన్ లెర్నింగ్, అంటే పాత లెక్కల నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి, దిగింది. చూడ్డానికి కొత్తదే అయినా దీని మూలాలు పాతవి. ఆ కథలో మన తీరానికీ చోటుంది.

1839లో కోరంగి రేవును ఉప్పెన ముంచేసింది. 1864లో నెల తేడాతో కలకత్తా, మచిలీపట్నం రెండూ తుపానులకు బలయ్యాయి. ఆ తర్వాత 1866లో, 1871లో వానలు ఎగ్గొట్టాయి. ఇన్ని దెబ్బలు తిన్నాకే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1904లో దాని పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ గణిత శాస్త్రజ్ఞుడు. దేశదేశాల పాత రికార్డులు తెప్పించి, గుమాస్తాల చేత లెక్కలు కట్టించి, ఎక్కడి గాలి పీడనానికి ఎక్కడి వానతో సంబంధం ఉందో ఓపిగ్గా వెతికాడు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య పీడనం ఊగిసలాడుతుందని పట్టుకున్నది అలాగే. పసిఫిక్ నీళ్లు మామూలు కన్నా వేడెక్కే ఎల్ నినోను అర్థం చేసుకోవడానికి అది పెద్ద ఆధారమైంది.

తర్వాతి కాలంలో శాస్త్రం ఇంకో దారి పట్టింది. గాలి, వేడి, తేమ ఎలా కదులుతాయో చెప్పే భౌతిక శాస్త్ర సమీకరణాలనే నేరుగా లెక్కకట్టడం ఆ దారి. 1922లో లూయిస్ రిచర్డ్‌సన్ దీని పద్ధతిని వివరించాడు, 1950లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్ మీద తొలిసారి లెక్క నడిచింది. మన దేశంలో ఇందుకోసమే 1988లో ఒక జాతీయ కేంద్రం పెట్టారు.

ఈ పద్ధతికి ఒక చిక్కుంది. భూమినంతా గడులుగా కోసి, గడికో లెక్క కట్టాలి. వాతావరణ మార్పును అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లలో ఒక్కో గడి వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. రాజమండ్రి నుంచి అంతర్వేది వరకు ఒక్క గడిలో ఇమిడిపోతుంది. మేఘాలేమో ఒకటి రెండు కిలోమీటర్లవి. గడి కన్నా చిన్నదైన మేఘాన్ని ఉజ్జాయింపు సూత్రాలతో సర్దుకోవాల్సి వచ్చింది. పెద్ద తప్పులు దొర్లేది ఎక్కువగా ఇక్కడే.

ఇలాంటి చోట 1996 నవంబరు 6ను తలచుకోకుండా ఉండలేం. ఆ రాత్రి కాకినాడకు దిగువన తీరం దాటిన తుపాను ఐ.పోలవరం, ముమ్మిడివరం, కాట్రేనికోన వైపు కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. పోయినవాళ్లు వెయ్యి మంది దాకా ఉన్నారు. వేటకెళ్లి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో. గడి ఎంత చిన్నదిగా ఉండాలన్నది మనకు ప్రాణాలతో ముడిపడ్డ విషయం. 2025 మేలో మొదలైన మన దేశపు వాతావరణ అంచనా మోడల్ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఆ గడిని 12 కిలోమీటర్ల నుంచి 6కి దించింది.

ఈలోగా పాత రికార్డుల్లో సంబంధాలు వెతికే వాకర్ దారి మళ్లీ తెరుచుకుంది. గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల ఏఐ మోడల్ గ్రాఫ్‌కాస్ట్ 1979 నుంచి 2017 దాకా 39 ఏళ్ల ప్రపంచ వాతావరణ రికార్డు మీద శిక్షణ పొంది, పది రోజుల అంచనాను నిమిషం లోపే ఇవ్వగలిగింది. చాలా కొలమానాల్లో యూరప్ వాతావరణ అంచనా కేంద్రం వాళ్ల సమీకరణాల మోడల్‌నే దాటిందని 2023లో తేలింది. 2025 ఫిబ్రవరిలో ఆ యూరప్ కేంద్రం కూడా సొంత ఏఐ మోడల్‌ను రోజువారీ వాడకంలోకి తెచ్చింది. నాకు వీటన్నిటికన్నా ఎక్కువ ఆశ కలిగించేది 2024లో వచ్చిన న్యూరల్‌జీసీఎం. పెద్ద గాలుల కదలికను సమీకరణాలకే వదిలి, ఆ ఉజ్జాయింపు సూత్రాల స్థానంలో మాత్రం రికార్డుల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌ను పెట్టింది. 2025 ఖరీఫ్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ ఈ మోడల్‌నూ, యూరప్ ఏఐ మోడల్‌నూ కలిపి వాడుకుని, 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల రాక గురించి ఎస్సెమ్మెస్‌లు పంపింది.

మంచి పనే. వానను నమ్ముకున్న మెట్ట రైతుకి అది విత్తనం కాపాడే కబురు. కానీ డెల్టా సంగతి వేరు. ఇక్కడ నారుమడికి ధవళేశ్వరం నుంచి కాలువ నీళ్లొస్తాయి. మనకి తొలకరి కబురు కన్నా కోతల నాటి కబురు ముఖ్యం. ఈ మోడళ్లు తడబడేదీ సరిగ్గా అక్కడే. తుపాను ఎటు వెళుతుందో బాగా చెబుతున్నాయి, ఎంత బలంగా ఉంటుందో చెప్పడంలో తగ్గుతున్నాయి. కుండపోత ఏ మండలంలోనో తేలనప్పుడు నాలుగు మండలాలకూ మధ్యస్థంగా పంచి చెబితే శిక్షణలో తప్పు తక్కువగా లెక్కపడుతుంది. అందుకే చాలా మోడళ్లకు అలా చదును చేసే అలవాటు పడింది. పైగా 1996 లాంటివి పాత రికార్డుల్లో అరుదు. సముద్రం వేడెక్కుతున్న కొద్దీ ఆ రికార్డులో లేని వానలూ రావచ్చు.

కాబట్టి కొత్త మోడళ్ల గొప్ప ఎంత చెప్పుకున్నా, వాటికి మేతగా మన నేల మీద కొలిచిన లెక్కలు పెట్టకపోతే కోనసీమకి ఒరిగేది తక్కువ. మండలాల్లోని వానమాపకాలు గంట గంటకూ కొలిచినది, మచిలీపట్నం, విశాఖ రాడార్లు చూసినది, డ్రెయిన్లలో నీరు ఎంత ఎత్తుకు ఎక్కి ఎన్ని రోజులకు దిగిందన్నది తారీఖులతో సహా ఒకచోట చేర్చి పరిశోధకులకు తెరిచిపెట్టాలి. ఏ వరి రకం ఎన్ని రోజులకు కోతకొస్తుందో మారుటేరు వరి పరిశోధన కేంద్రానికి తెలుసు. ఈ రెండూ కలిస్తే రైతుకి చేరే మెసేజ్‌లో "భారీ వర్షాలు పడే అవకాశం" అన్న మాటతో పాటు, ఆ ఊరి చేను మునిగే అవకాశం ఎంత, ఎన్ని రోజుల్లో నీరు దిగుతుంది, కోత మిషన్ ఇప్పుడే మాట్లాడుకోవాలా అన్నది కూడా ఉంటుంది. అందులో ముందు వరస కౌలు రైతులది కావాలి, పంట పోతే అప్పు మిగిలేది వాళ్లకే.