ఆకులు నిండుకున్న పెళ్లిపందిరి

"మా అమ్మాయికి పదిహేడేళ్లు. తిండి మానేసి సగమైపోతే ఆస్పత్రిలో చేర్చాం. ఇప్పుడిప్పుడే తింటానంటోంది. కానీ అక్కడి నర్సమ్మలు కొలిచి కొలిచి పెడుతున్నారు. రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించి కడుపునిండా అన్నం పెడితే తేరుకోదా, మేడమ్?" అని ఒక తల్లి అడిగారు.

ఆ నర్సులకు చేతులెత్తి మొక్కాలనిపించింది నాకు. లావైపోతామన్న భయంతో తిండి మానేసే జబ్బు అనొరెక్సియా నెర్వోసా. అందులో ప్రమాదమంతా తినని రోజుల్లోనే అనుకుంటాం. మళ్లీ తినడం మొదలెట్టిన మొదటి అయిదారు రోజుల్లోనూ అది పొంచి ఉంటుంది. పేరు రీఫీడింగ్ సిండ్రోమ్. నర్సింగ్ విద్యార్థులు దీని నిర్వచనం బట్టీ పడతారు. ఎందుకు వస్తుందని అడిగితే సగం క్లాసు నేలచూపులు చూస్తుంది. వాళ్లకు నేను పెళ్లిభోజనం కథ చెబుతాను.

పందిట్లోకి ఎంతమంది చుట్టాలొచ్చినా, విస్తరాకు వేయందే ఎవరినీ కూర్చోబెట్టలేం. కణంలోకి వచ్చిన గ్లూకోజు అణువుకూ అంతే, ముందు ఒక ఫాస్ఫేటు తగలాలి. తగిలితేనే అది లోపల నిలుస్తుంది. తర్వాతి మెట్టులో ఇంకో ఫాస్ఫేటు కావాలి. చివరికి తయారయ్యే ఏటీపీలో, అంటే కణానికి శక్తినిచ్చే అణువులో, మూడున్నాయి. అడుగడుక్కీ ఆకు కావాల్సిందే.

నెలల తరబడి తిండి లేని ఒంటికి చుట్టాల రాక ఉండదు. కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంది. కండతో పాటు కొట్టుగదిలో ఆకులూ తరిగిపోతాయి. వాకిట్లో పెట్టిన చిన్న కట్ట మాత్రం నిండుగానే కనిపిస్తుంటుంది. రక్తపరీక్ష చూసేది ఆ వాకిలి కట్టనే! రక్తంలో ఫాస్ఫేటు డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటే నార్మల్ అని రిపోర్టు వస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

ఇప్పుడు గ్లూకోజు ఎక్కించారనుకోండి. అరలీటరు 5 శాతం డెక్స్‌ట్రోజు సీసాలో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. ఇన్సులిన్ లేచి తలుపులు బార్లా తెరుస్తుంది. చుట్టాలు బిలబిలమంటూ లోపలికొస్తారు, వాకిట్లో కట్ట కాస్తా ఖాళీ అవుతుంది. ఆకును కుట్టే ఈనెపుల్ల లాంటిది మెగ్నీషియం. దానితో జతకడితేనే ఏటీపీ పనిచేస్తుంది. ఆ పుల్లలూ అప్పుడే అయిపోతాయి. వడ్డించే మనిషి థయమిన్, అంటే బి1 విటమిన్. ఆ మనిషి లేకపోతే గ్లూకోజు నడిదారిలో ఆగి లాక్టేటుగా పేరుకుంటుంది, మెదడు దెబ్బతింటుంది. అందుకే మొదటి ముద్దకు ముందే థయమిన్ ఇస్తారు. పొటాషియం కూడా ఇన్సులిన్ వెంటే కణాల్లోకి దూరిపోతుంది. గుండె లయ తప్పడానికి అదొక్కటీ చాలు.

ఆకులు లేని దెబ్బ విశ్రాంతి ఎరుగని కండరాలకు తగులుతుంది: గుండెకు, ఊపిరి ఆడించే డయాఫ్రంకు. ఎర్రకణాల్లో 2,3-బీపీజీ అనే ఫాస్ఫేటు పదార్థం తగ్గి, హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదలకుండా బిగించి పట్టుకుంటుంది. ఒంటికి ఆక్సిజన్ అందకపోయినా వేలికున్న ఆక్సిమీటరు 98 చూపిస్తూనే ఉండొచ్చు.

1945లో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నాజీ నిర్బంధ శిబిరాన్ని విడిపించిన బ్రిటిష్ సైనికులు, ఎముకల గూళ్లయిన మనుషులకు జాలిపడి తమ రేషన్ డబ్బాలు పంచారు. ఆ తిండి తట్టుకోలేక ఎందరో పోయారు. మన పెద్దవాళ్లు లంఖణాల తర్వాత పలుచని జావతో మొదలుపెట్టి, మెల్లగా పథ్యం అన్నానికి వచ్చేవారు. ఆ జాగ్రత్తలో చాలా తెలివి ఉంది. పిల్ల తినడం లేదంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించి నెలలు పోగొట్టుకునే పద్ధతిని మాత్రం నేను క్షమించలేను. శనివారం ఒక్కపొద్దు కాస్తా వారమంతా ఒక్కపొద్దు అయితే, అది భక్తి అని మురిసిపోవద్దు.

వార్డులో ఎవరైనా చేరితే నేను ముందు చేతులు చూస్తాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయా? ముంజేతి మీద పసిపిల్లలకున్నట్టు నూగు ఉందా? వేలికణుపుల మీద కాయలు కాచాయా? వేళ్లు గొంతులో పెట్టి వాంతి చేసుకుంటే పళ్లు ఒరుసుకుని ఆ కాయలొస్తాయి. 1979లో బులీమియా నెర్వోసాను, అంటే అతిగా తిని వాంతి చేసుకునే జబ్బును, వర్ణించిన జెరాల్డ్ రసెల్ పేరే ఆ గుర్తుకు నిలిచింది.

బరువు పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఆస్పత్రి గౌనులోనే చూడాలి. ఒకమ్మాయి రాత్రికి రాత్రే కిలోన్నర పెరిగింది. మూత్రం చూస్తే నీళ్లలా తేటగా ఉంది, దాని చిక్కదనం చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ 1.002, దాదాపు నీళ్లంతే. తూకానికి ముందు సీసాలకొద్దీ నీళ్లు తాగేసింది. భయంతో చేసిన పని అది, తిడితే లాభం లేదు. పక్కన కూర్చుని మాట్లాడి, అన్ని నీళ్లకు రక్తంలో సోడియం పలుచబడిందేమోనని పరీక్షకు పంపాం.

ఆ అమ్మాయి చేరినప్పుడు నాడి నిమిషానికి 42. తినడం మొదలెట్టిన మూడోరోజు 84. "నార్మల్‌కి వచ్చేసింది మేడమ్!" అని చిన్న నర్సు సంబరపడింది. 84 మీకూ నాకూ నార్మల్. 42తో బతుకుతున్న గుండెకు అది రెట్టింపు. చీలమండ మీద వేలితో నొక్కితే గుంట పడింది. ఫాస్ఫేటు 1.6కు దిగిపోయింది. డాక్టరు ఆ రోజు పెంచాల్సిన కేలరీలు ఆపి, ఫాస్ఫేటు ఎక్కించారు. అందుకే చార్టులో ఇవాళ్టి అంకెను పుస్తకంలో అంకెతో కాదు, నిన్నటి అంకెతో పోల్చమని మా నర్సింగ్ పిల్లలకు చెబుతాను.

ఇక మీ ప్రశ్నకు వస్తానమ్మా. ముప్పు బాగా ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 10 కిలోకేలరీలు మించకుండా మొదలెట్టమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2006లో చెప్పింది. 35 కిలోల పిల్లకు 350 అన్నమాట. ఈమధ్య రోజూ రక్తపరీక్ష చేయగల చోట, యుక్తవయసు పిల్లలకు ఇంకా ఎక్కువతోనే మొదలుపెడుతున్నారు, ఎందుకంటే మరీ తక్కువ పెట్టినా పిల్ల ఇంకా చిక్కిపోతుంది. మీ అమ్మాయికి ఎంతన్నది ఆమె రిపోర్టులు చూస్తున్నవాళ్లే తేల్చాలి.

మీరు చేయగలిగింది ఇంకోటుంది. తింటున్నంతసేపూ పక్కన కూర్చోండి. "మొహంలో కళ వచ్చింది", "కాస్త ఒళ్లు చేశావు" అనకండి. ఆ పిల్ల చెవికి అది "లావయ్యావు" అనే వినిపిస్తుంది. తిన్న తర్వాతి గంట అన్నిటికన్నా కష్టం. వాంతి చేసుకోవాలనిపిస్తుంది, కాళ్లు నిలవవు, బాత్రూము వైపే చూస్తుంది. ఆ గంటసేపు పక్కన ఒక మనిషి ఉండాలి. మా వార్డులో ఆ గంటలో అష్టాచెమ్మా ఆడిస్తాం. రేపు వెళ్లేటప్పుడు గవ్వలు పట్టుకెళ్లండి.