మందుతో పాటు మాట కూడా

1950లలో లండన్ మానసిక వైద్యశాలల నుంచి ఇళ్లకు వెళ్లిన రోగులను గమనించిన సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్‌కు ఒక విచిత్రం కనిపించింది: అద్దె గదుల్లో ఉన్నవారి కంటే తల్లిదండ్రుల దగ్గరికో, భార్య దగ్గరికో చేరినవారికే జబ్బు ఎక్కువగా తిరగబెడుతోంది. ఎందుకిలా అన్న ప్రశ్న నుంచే, ఇంటివాళ్లు రోగి గురించి మాట్లాడే తీరును కొలిచే పద్ధతి పుట్టింది. వారి సంభాషణను రికార్డు చేసి, ఎన్ని నిందలు దొర్లాయో, గొంతులో ఎంత కోపం పలికిందో, రోగిని పసిబిడ్డలా కాచుకునే అతి తాపత్రయం ఎంత ఉందో లెక్కగట్టేవారు. 1976లో పరిశోధకులు క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ తమ ఫలితాలను బ్రౌన్ బృందం ఫలితాలతో కలిపి 128 మంది స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, భ్రమలు కలగడం వంటి లక్షణాలుండే తీవ్ర మానసిక జబ్బు) రోగులను పరిశీలించగా, ఇవి ఎక్కువగా ఉన్న ఇళ్లకు చేరినవారిలో తొమ్మిది నెలల్లోపు 51 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. తక్కువగా ఉన్న ఇళ్లలో 13 శాతం మందికే.

ఈ అంకెలు చూపి కన్నవాళ్లను దోషులుగా నిలబెట్టడం అన్యాయం. వాళ్ల మాటలు ఈ జబ్బును పుట్టించవు, పైగా ఏళ్ల తరబడి నిద్రకు నోచుకోని ఇంట్లో విసుగు పుట్టకుండా ఎలా ఉంటుంది? నిందల్లో చాలా భాగం పడేది కేకల మీదా భ్రమల మీదా కాదు, పొద్దెక్కినా మంచం దిగకపోవడం, స్నానం చేయకపోవడం, పలకరిస్తే బదులివ్వకపోవడం మీద. ఇవీ జబ్బు లక్షణాలేనని ఇంటివాళ్లకు చెప్పేవారు తక్కువ. ‘ఒళ్లు వంచలేక నాటకాలాడుతున్నాడు’ అనే తల్లికి ఆ సంగతి తెలిస్తే, ‘లేచి ముఖం కడుక్కో నాన్నా, కాఫీ పెట్టాను’ అని ఒక్క చిన్న పనే అడగగలుగుతుంది. మందులతో పాటు కుటుంబానికీ ఇలాంటి శిక్షణ ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని తర్వాతి పరిశోధనలు చూపాయి.

తాగుడు ఉన్న ఇంట్లో మాటకు వేళ ముఖ్యం. తాగి వచ్చిన రాత్రి పెట్టుకున్న వాదన తెల్లారేసరికి భర్తకు గుర్తుండకపోవచ్చు, భార్యకు మాత్రం గాయంగా మిగులుతుంది. అమెరికాలో మనస్తత్వవేత్త రాబర్ట్ మేయర్స్ రూపొందించిన శిక్షణలో, మత్తు దిగాక, క్లుప్తంగా, జరిగినదాన్నీ తన మనసులో ఉన్నదాన్నీ మాత్రమే చెప్పడం ఇంటివారికి నేర్పుతారు: ‘ఏవండీ, రాత్రి మీరు గేటు దగ్గర పడిపోయారు, పాప చూసి ఏడ్చింది, నాకు చాలా భయమేసింది. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం.’ చికిత్సకు ససేమిరా అన్నవారి కుటుంబాలతో 1999లో ప్రచురితమైన అధ్యయనంలో, ఈ శిక్షణ పొందిన ఇళ్లలో 64 శాతం మంది చికిత్సలో చేరారు; అందరూ కలిసి నిలదీసే పద్ధతిలో చేరింది 30 శాతమే.

చెయ్యెత్తే మనిషి దగ్గర మాత్రం ఏ మాటా పనికిరాదు, ముందు పిల్లలతో సహా సురక్షితమైన చోటికి చేరాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు రోగే కాదు, ఇంటివాళ్లూ ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.